కల్లు తాగితే రక్తం పడుతుందా?

ప్రశ్న: డాక్టరమ్మా, నమస్తే. నాకు 23 ఏళ్లు. పుట్టిల్లు హుజూరాబాద్ వైపు, పరకాల దగ్గరి పల్లెకు ఇచ్చారు. నాలుగో నెల నడుస్తోంది. దసరాకు ఇంట్లో అందరం కూర్చున్నప్పుడు రెండు రోజులు కల్లు తాగాను, రెండో రోజు కొంచెం ఎక్కువే. అప్పటికి కడుపుతో ఉన్నానని నాకు తెలియదు. తెలిసిన తర్వాత మానేద్దామంటే అత్తమ్మ 'ఈదుల కల్లు చలువ, ఒంటికి రక్తం పడుతుంది, బిడ్డ తెల్లగా పుడుతుంది' అని ఆదివారం ఆదివారం ఒక గ్లాసు ఇస్తోంది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది. మొన్న పరీక్షలో రక్తం 8.6 ఉందన్నారు. ఎర్ర గోలీలు వేసుకుంటే వాంతికి వస్తోంది, విరేచనం నల్లగా పోతోంది. భయమేసి ఆపేశాను. బలపాలు తినాలనిపిస్తుంది, ఎవరూ చూడకుండా తింటున్నాను. ఎక్కువ తింటే బిడ్డ పెద్దగై ఆపరేషన్ చేస్తారని ఇంట్లో అన్నం తక్కువే పెడుతున్నారు. మందు తాగిన తల్లులకు పుట్టిన పిల్లల గురించి ఫోనులో ఒక వీడియో చూశాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్, నిద్ర లేదు. నా బిడ్డకు ఏమైనా అయిందా? కల్లు సంగతి ఆసుపత్రిలో చెబితే తిడతారా?

జవాబు: బిడ్డా, నువ్వు చివర అడిగిన దానికి ముందు జవాబు చెబుతాను. కల్లు సంగతి డాక్టర్‌కు చెప్పు. దసరా రెండు రోజుల మాటా చెప్పు, ఆదివారం గ్లాసు మాటా చెప్పు, బలపాలూ చెప్పు, గోలీలు ఆపేసిన సంగతీ చెప్పు. ఒకవేళ తిడితే ఆ రెండు నిమిషాలు ఓర్చుకో. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అలా తిట్టిన డాక్టర్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నా దగ్గరికి అడవి వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. ఐదో నెల. ఏం తింటావు, ఏం తాగుతావు అని అడిగితే ఇప్పసారా తాగుతానని చెప్పింది. చాయ్ తాగుతానని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను పది మంది ముందు కోప్పడ్డాను. 'నువ్వు తల్లివేనా' అన్నాను. ఆమె ఏమీ అనలేదు, చీటీ తీసుకుని వెళ్లిపోయింది. మర్నెల రాలేదు, ఆ పై నెలా రాలేదు. ఎనిమిదో నెలలో ఒళ్లంతా వాపుతో, రక్తం 5కు పడిపోయి, మంచం మీద మోసుకొస్తే వచ్చింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ బిడ్డ పోయింది సారా వల్లనా, రక్తం లేకనా అని అప్పుడూ తేల్చలేకపోయాను. కానీ మధ్యలో మూడు నెలలు ఆమె ఆసుపత్రి గడప తొక్కకపోవడానికి కారణం నా నోరే. అప్పటి నుంచి ఏ తల్లినైనా ఈ మాట తలుపు దగ్గరకు వేసి మెల్లగా అడుగుతున్నాను. నీ డాక్టర్ అలా అడగకపోయినా నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నీ బిడ్డ విషయంలో ఏం జాగ్రత్తగా చూడాలో వాళ్లకు తెలియదు.

ఇక నీ అసలు భయం. దసరాకు తాగింది తెలియక తాగింది. నెల తప్పిందని గమనించేలోపు పండగలో, పెళ్లిలో తాగి ఆ తర్వాత గుండె గుభేల్‌మన్న ఆడవాళ్లను చాలామందిని చూశాను. అక్కడొకసారి ఇక్కడొకసారి కొద్దిగా తాగిన తల్లుల పిల్లల్లో ఎక్కువ మంది మంచిగానే పుడతారు. ఎంత తాగారు, ఎన్నిసార్లు తాగారు, ఒకే పూట ఎంత తాగారు అన్నదాన్ని బట్టి ప్రమాదం పెరుగుతుంది. ఏమీ కాలేదని నేను కాగితం మీద రాసివ్వలేను, ఏ డాక్టరూ రాసివ్వలేరు. కానీ ఆ రెండు రోజులను పట్టుకుని 'ఈ కడుపు తీయించుకో' అని ఎవరైనా అంటే మాత్రం వినకు. దానికి అది కారణం కానే కాదు.

నువ్వు వీడియోలో చూసిన దాన్ని ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అంటారు. 1968లో ఫ్రాన్స్‌లో లెమోయిన్ అనే డాక్టర్ ఇలాంటి పిల్లల గురించి రాశారు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో జోన్స్, స్మిత్ అనే ఇద్దరు డాక్టర్లు దీనికి ఈ పేరు పెట్టారు. వాళ్లు చూసిన పిల్లల తల్లులు తాగుడుకు బానిసలైనవాళ్లు. ఆ పిల్లలకు పై పెదవి పలుచగా ఉంటుంది, ముక్కు కింది గాడి లేకుండా నున్నగా ఉంటుంది, కళ్లు చిన్నగా ఉంటాయి, ఒళ్లు ఎదగదు, చదువు తలకెక్కడం కష్టమవుతుంది. ఇది మందులతో నయమయ్యేది కాదు, జీవితాంతం ఉంటుంది. మొహంలో ఏ గుర్తూ లేకుండా బళ్లో వేసిన తర్వాత ధ్యాస నిలవకపోవడంలో, లెక్కలు రాకపోవడంలో బయటపడేవాళ్లూ ఉంటారు. అంటే నీ రెండు రోజులకూ ఆ తల్లుల కథకూ చాలా దూరం ఉంది. అయినా ఇంత వరకు తాగితే పర్వాలేదు అని చెప్పగల కొలత మాత్రం లేదు. అందుకే ఆదివారం గ్లాసు చిన్నదే అయినా వద్దు అంటున్నాను.

లోపల జరిగేది ఇది. నువ్వు తాగిన దాంట్లోని ఆల్కహాల్ నీ రక్తంలో కలుస్తుంది, అక్కడి నుంచి మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుంది. కాసేపట్లోనే నీ రక్తంలో ఎంత ఉందో బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే ఉంటుంది. నీ కాలేయం దాన్ని గంట గంటకూ కొంత కొంత కరిగిస్తుంది. బిడ్డ కాలేయానికి ఆ శక్తి ఇంకా రాలేదు. పైగా ఆల్కహాల్ ఉమ్మనీటిలోకీ చేరుతుంది. బిడ్డ ఆ ఉమ్మనీటినే గుటకలు గుటకలుగా మింగుతుంటుంది. నీకు మత్తు దిగిన తర్వాత కూడా లోపల బిడ్డకు అది అందుతూనే ఉంటుంది.

మూడు నెలలు దాటాక ఏం కాదు అని కొందరు చెబుతారు. గుండె, కాళ్లు, చేతులు ఏర్పడే పని మొదటి మూడు నెలల్లో అవుతుంది, నిజమే. మెదడు మాత్రం తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఇప్పుడు తాగినా దెబ్బే. దాన్నే ఇంకో వైపు నుంచి చూడు. నువ్వు ఈ రోజు ఆపితే మిగిలిన ఐదు నెలలూ ఆ మెదడు మంచిగా పెరుగుతుంది. ఆపడానికి ఆలస్యమైపోయింది అనే నెల ఏదీ లేదు.

'మందు వేరు, కల్లు వేరు, అది చెట్టు పాలు' అనే మాట మన దగ్గర ప్రతి ఇంట్లో వింటాం. నేనూ పల్లెలోనే పెరిగాను, గీసే గౌడన్నల కష్టం నాకు తెలుసు, ఆ మాటలో కొంత నిజం ఉందనీ తెలుసు. చెట్టు నుంచి కారే రసం కారుతున్నప్పుడు తియ్యటి నీరా, అందులో మత్తు లేదు. కానీ లొట్టిలో పడగానే పులవడం మొదలవుతుంది. కొన్ని గంటల్లోనే ఆల్కహాల్ నాలుగైదు శాతం దాకా చేరుతుంది, అంటే బీరంత. లెక్క వేసి చూడు. 650 మిల్లీలీటర్ల సీసాడు కల్లు తాగితే ఒంట్లోకి పోయే ఆల్కహాలూ, 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గు తాగితే పోయే ఆల్కహాలూ ఇంచుమించు ఒక్కటే. విస్కీ పెగ్గు పోసి కోడలి చేతికిస్తే మీ అత్తమ్మే ఊరుకోదు. లొట్టిలోంచి వంచితే మాత్రం ప్రేమ అంటుంది.

కల్తీ సంగతి వేరే చెప్పాలి. దుకాణాల్లో సీసాల్లో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజోపామ్, అల్ప్రాజోలం కలిపి పట్టుబడ్డ కేసులు తెలంగాణలో ఎన్నో ఉన్నాయి. ఇవి మత్తు మందులు. ఇవీ మాయ దాటి పోతాయి. నెలలు నిండే సమయంలో తల్లి ఒంట్లో ఈ మందులుంటే బిడ్డ పుట్టగానే మెత్తగా వేలాడిపోతుంది, చనుబాలు లాగలేదు, ఊపిరి కష్టమవుతుంది. మా ఊరి కల్లు కళ్ల ముందే చెట్టు దిగింది, కల్తీ లేదు అంటావా, సరే. అయినా ఆల్కహాల్ ఉంది కదా.

ఇప్పుడు రక్తం మాట. కల్లు తాగితే మొహం ఎర్రబడుతుంది, ఒళ్లు వెచ్చబడుతుంది. ఆల్కహాల్ వల్ల చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకు. పెద్దవాళ్లు ఆ ఎరుపు చూసి రక్తం పట్టింది అనుకున్నారు. నాకు అనిపించేది ఇంకోటి కూడా ఉంది. ఒకప్పుడు కరువు రోజుల్లో, గడ్క కూడా సరిగ్గా దొరకని ఇళ్లలో, చూలాలికి కడుపు నిండినట్టు అనిపించేలా ఇవ్వగలిగింది అదొక్కటే అయి ఉంటుంది. దాన్ని తప్పు పట్టలేను. కానీ రక్తం తయారవడానికి ఇనుము కావాలి, ఫోలిక్ యాసిడ్ కావాలి, మాంసకృత్తులు కావాలి. కల్లులో చెప్పుకోదగ్గ ఇనుము లేదు. పైగా ఆల్కహాల్ ఫోలిక్ యాసిడ్‌ను ఒంటికి పట్టనివ్వదు. గ్లాసు కల్లుతో కడుపు ఉబ్బి ఆ పూట అన్నం తగ్గిస్తావు. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది, గ్లాసులోంచి రాదు. చలువ కావాలంటే నీకు ఎనిమిదో నెల వచ్చేసరికి ముంజలు దిగుతాయి, తాటిచెట్టువి. కడుపు నిండా తిను.

మీ అత్తమ్మతో గొడవ పడకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో మందో కల్లో తాగేవాళ్లు దేశం మొత్తంలో నూటికి ఒకరికి కాస్త ఎక్కువ. తెలంగాణలో నూటికి దాదాపు ఏడుగురు. ఇది మన పండగల్లో, దేవతలకు పోసే సాకల్లో, పొలం పనుల్లో కలిసిపోయిన అలవాటు. ఆమెకు ఆమె అత్త ఇచ్చి ఉంటుంది. 'నువ్వు నా బిడ్డకు విషం ఇస్తున్నావు' అంటే ఆమె మనసు విరుగుతుంది, గ్లాసు మాత్రం ఆగదు. ఇలా అను: 'అత్తమ్మా, నాకు రక్తం 8.6 ఉందట. పదకొండు ఉండాలట. రక్తం పెరిగే దాకా కల్లు ముట్టొద్దని గట్టిగా చెప్పారు. నాకు ఆకుకూర పప్పు నువ్వే చేసి పెట్టు, నీ చేతిదైతే వాంతి రాదు.' పెట్టే చేయి ఆమెదే ఉండాలి, పెట్టేది మారాలి. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు దవాఖానల్లో గర్భిణులకు డాక్టర్ పరీక్ష ఉంటుంది. ఈసారి ఆమెను వెంట తీసుకుని పో. నీ నోటితో పది సార్లు చెప్పిన దానికంటే అక్కడ డాక్టర్ ఒక్కసారి చెబితే ఎక్కువ పని చేస్తుంది. పండగకో జాతరకో సాక పోసి తీర్థంలా చేతిలో పోస్తే కాదనకు, కళ్లకద్దుకుని పక్కవాళ్ల చేతిలో పోసెయ్. సమ్మక్క సారలమ్మలకు మనం మొక్కేది బంగారమే కదా, ఆ బెల్లం ముక్క నోట్లో వేసుకో, చాలు.

నీ ఉత్తరమంతా రెండు సార్లు చదివాను. మీ ఆయన మాట ఒక్కటీ లేదు. ఈ పని అతనిది కూడా. తల్లికి కొడుకు చెప్పడం వేరు, కోడలు చెప్పడం వేరు. కాన్పు అయ్యే దాకా ఇంట్లోకి లొట్టి రాకుండా చూడమని అతనికి చెప్పు. తాగాలనిపిస్తే అతను బయట చూసుకోవాలి, నీ ముందు గ్లాసు పెట్టుకుని కూర్చోవద్దు. ఈ జవాబు అతనికి చూపించు.

ఇక్కడ ఒక్క మాట నీకు కాదు. రోజూ తాగే అలవాటు ఉండి కడుపుతో ఉన్న ఇంకో బిడ్డ ఎవరైనా ఇది చదువుతుంటే, ఆమెకు. పొద్దున తాగకపోతే చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం ఉంటే నీ అంతట నువ్వు ఒక్కరోజులో ఆపొద్దమ్మా. ముఖ్యంగా కల్తీ కల్లు అలవాటైనవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, అది తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రిలో చేరి, డాక్టర్లు చూస్తుండగా ఆపాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. సిగ్గుతో అక్కడి దాకా పోలేకపోతే ముందు 14416కు ఫోన్ చెయ్. టెలీ మానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

మళ్లీ నీ దగ్గరికి వస్తాను. నన్ను నిజంగా కలవరపెట్టింది దసరా కల్లు కాదు, ఆ 8.6. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 10 కంటే తక్కువుంటే మధ్యరకం రక్తహీనత, 7 కంటే దిగితే ప్రమాదం. పైన చెప్పిన సర్వేలోనే తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువున్నవాళ్లే అని తేలింది. కాబట్టి నువ్వు ఒంటరివి కాదు, అలాగని ఊరుకునే విషయమూ కాదు. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా తట్టుకోవడం కష్టం. బిడ్డ బరువు తగ్గుతుంది, నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు.

నువ్వు ఆపేసిన ఎర్ర గోలీ ఒక్కొక్క దాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మామూలుగా నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. నీ అంత తక్కువున్నవాళ్లకు రోజుకు రెండు ఇస్తారు, డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టు. విరేచనం నల్లగా రావడం భయపడాల్సింది కాదు. ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము అలా పోతుంది, అంతే. వాంతికి వస్తే పొద్దున పరగడుపున వేసుకోకు. రాత్రి తిన్న గంటకో రెండు గంటలకో, పడుకునే ముందు వేసుకో. నిమ్మరసం నీళ్లతో మింగితే ఇంకా బాగా పడుతుంది. చాయ్‌తో మాత్రం వద్దు. చాయ్ ఇనుమును పట్టనివ్వదు, గోలీకీ చాయ్‌కీ, అన్నానికీ చాయ్‌కీ కనీసం గంట తేడా ఉండాలి. కాల్షియం గోలీలు కూడా ఇచ్చి ఉంటారు. వాటినీ ఎర్ర గోలీతో కలిపి మింగొద్దు, అన్నం తిన్న వెంటనే పగటిపూట వేసుకో. మలబద్ధకం వస్తే నీళ్లు, ఆకుకూరలు, జామపండు. ఇన్ని చేసినా గోలీ పడకపోతే ఆపెయ్యకు, పోయి చెప్పు. రక్తనాళంలోకి ఎక్కించే ఇనుము మందు ఉంది. నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించు. కనీసం ఒక పాయింట్ పెరగాలి. పెరగకపోతే వేరే కారణాలు, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బులతో సహా, వెతకాల్సి ఉంటుంది.

బలపాలు నీ తప్పు కాదు. ఒంట్లో ఇనుము తక్కువైతే మట్టి, సుద్ద, బలపం, పచ్చి బియ్యం మీదికి మనసు పోతుంది. రక్తం పెరిగేకొద్దీ ఆ కోరిక తగ్గుతుంది, చూడు. అప్పటిదాకా బలపం గుర్తొచ్చినప్పుడు నోట్లో వేసుకోవడానికి పుట్నాలో వేయించిన పల్లీలో కొంగులో ఉంచుకో. ఇది ఉసిరికాయల కాలం, అవైనా సరే. సుద్ద, మట్టి కడుపులో ఉన్న ఇనుమును కూడా పట్టనివ్వవు, మట్టితో నులిపురుగులు వస్తాయి. నులిపురుగుల గోలీ ఒకటి మూడు నెలలు దాటాక ఇస్తారు, నీకు ఇచ్చారో లేదో అడుగు.

తక్కువ తింటే కాన్పు తేలికవుతుందనే మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. ఆ సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే, దేశంలోనే ఎక్కువ. కానీ తల్లి కడుపు మాడ్చుకుంటే ఆపరేషన్ తప్పదు అనే పరిస్థితి తప్పిపోదు. బిడ్డ అడ్డం తిరగడం, బీపీ రావడం, కటి ఇరుకుగా ఉండడం, ముందు కాన్పు ఆపరేషన్ కావడం, ఇవి నీ కంచంలో అన్నం తగ్గిస్తే మారవు. నువ్వు తగ్గించి తింటే బిడ్డ రెండున్నర కిలోల కంటే తక్కువ పుడుతుంది, నీకు నొప్పులు పడే బలం ఉండదు. తొమ్మిది నెలల్లో నువ్వు ఓ పది, పన్నెండు కిలోలు పెరగాలి.

ఇద్దరికి సరిపడా తినమని కూడా నేను చెప్పను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి మామూలు తిండి మీద రోజుకు 350 కేలరీలు అదనంగా కావాలి. అంటే ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, ఒక పల్లి బెల్లం ముద్ద. ఇంతే. ఇందులో గుడ్డూ పాలూ నీకు ఊళ్లోనే దొరుకుతాయి. 2015 జనవరి నుంచి నడుస్తున్న ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు మధ్యాహ్నం అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడతారు. అక్కడే కూర్చుని తిను. ఇంటికి తెచ్చుకున్న గుడ్డు ఏ చిన్నపిల్లాడి చేతికో, మామ కంచంలోకో పోతుంది. ఇది నేను ఎన్ని ఇళ్లలో చూశానో లెక్క లేదు.

మిగతా రెండు పూటలకు కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. మన పెరట్లో, చెలకలో ఉన్నవే. మునగాకు పప్పు, తోటకూర, గంగవాయిలి కూర, పుంటికూర, వారంలో ఒకటి మార్చి ఒకటి. పప్పు చిక్కగా, నీళ్లలా కాదు. మీద నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము బాగా పడుతుంది. ఒక పూట జొన్నరొట్టె. బతుకమ్మకు చేసే మలీద ముద్దలు, నువ్వుల ముద్దలు పండగ దాకా ఎందుకు ఆగాలి? ఇప్పుడు చేయించుకో. ఆదివారం ఇంట్లో కూర వండితే నీకు మెతకగా ఉడికిన ముక్కలు పడాలి, అడుగున మిగిలిన చారు కాదు. మాంసంలోని ఇనుము ఆకుకూరలోని దానికంటే త్వరగా ఒంటికి పడుతుంది. చేప మంచిది. కార్జం ఒక్కటి జాగ్రత్త. రక్తం పడుతుందని కొందరు రోజూ పెడతారు, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ, కడుపుతో ఉన్నప్పుడు అంత మంచిది కాదు. వాంతులుంటే మూడు పెద్ద పూటలు కాకుండా ఐదారు సార్లు కొద్దికొద్దిగా తిను. పండిన బొప్పాయి తింటే కడుపు పోదు, పాలుకారే పచ్చికాయే వద్దు.

ఇంకోటి ఇప్పుడే చెప్పి పెడతాను, అప్పటికి గుర్తుండదు. కాన్పు తర్వాత ఒళ్లు వెచ్చబడాలని బాలింతకు బ్రాందీ పట్టించే ఇళ్లున్నాయి. పాలు పడతాయని కల్లూ ఇస్తారు. ఆల్కహాల్ చనుబాలలోకి పోతుంది, పాలు దిగడాన్ని తగ్గిస్తుంది కూడా. చంటిబిడ్డకు జలుబని చుక్క నాకించడం అసలే వద్దు. ఈ లోపు రక్తస్రావం, ఆగని తలనొప్పి, కళ్లు మసకబారడం, మొహం చేతులు వాపు, నడిస్తే ఆయాసం, ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగకు, 108కు ఫోన్ చేయించు.

సంక్రాంతి అయిన తర్వాత నీకు ఐదో నెల పడుతుంది. 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాన్ చేయించుకోవాలి. గుండె, వెన్నెముక, తల, కాళ్లు, చేతులు అన్నీ అందులో చూస్తారు. ఆల్కహాల్ వల్ల మెదడుకు జరిగే ప్రతి దెబ్బా ఆ తెర మీద కనిపించదు, అది ముందే చెబుతున్నాను. అయినా ఆ రోజు నీకు చాలా భారం దిగుతుంది. మీ అత్తమ్మను ఆ రోజు ఇంటి దగ్గర వదిలి రాకు. లోపలికి రానిచ్చి తెర చూపించమని అడుగు. ఆ నెలలో బిడ్డ నోరు తెరిచి మూయడం, ఉమ్మనీళ్లు మింగడం కనిపిస్తుంటుంది. అది కనిపిస్తే ఏం తాగుతోందో ఆమెకు చెప్పమని స్కాన్ చేసే డాక్టర్‌ను అడుగు.